నాలుగు కోళ్ల మంచము

ఈ సాయంకాలము ఒక చిన్న మాటతో మొదలుపెడతాను. మన ఊళ్లలో ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే ఇరుగుపొరుగువారు ఏమంటారు? "పాపం, మంచాన పడ్డాడు" అంటారు. అంతటితో కథ అయిపోయినట్టు నిట్టూర్చి, ఎవరి పనికి వారు వెళ్లిపోతారు. కానీ ఆ ఇంటివారికి కథ అయిపోలేదు. ఆ దినమే మొదలయ్యింది.

మేడ్చల్ దారిలో ఉన్న కండ్లకోయ మీలో చాలామందికి తెలుసు. హైదరాబాదు నుండి నాగపూరు వైపు పోయే జాతీయ రహదారి అక్కడే ఔటర్ రింగు రోడ్డును కలుస్తుంది. ఒకప్పుడు ఏడవ నంబరు అని పిలిచిన ఆ రహదారికే ఇప్పుడు నలభై నాలుగవ నంబరు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డులో చివరగా మిగిలిపోయిన ముక్క కూడా ఈ కండ్లకోయ దగ్గరిదే. 2018 లో అది పూర్తయ్యింది. పగలూ రాత్రీ లారీలు, కాలేజీ బస్సులు, పనికి వెళ్లేవారి మోటారు సైకిళ్లు. అలాంటి చోట ఒక ఇంటిని ఊహించుకొందాము. పెద్దకొడుకు రాత్రి డ్యూటీ ముగించుకొని బండి మీద వస్తున్నాడు. ఒక్క క్షణము. ఒక్క క్షణములోనే వెన్నెముక విరిగింది. ఆ ఒక్క క్షణమును సరిచేయడానికి ఆ ఇంటికి ఎన్ని నెలలు పడుతుంది? ఎన్ని సంవత్సరములు పడుతుంది?

2022 వ సంవత్సరములో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు అని కేంద్ర ప్రభుత్వము లెక్క చెప్పింది. పత్రికలవారు చనిపోయినవారి పేర్లు వ్రాస్తారు. గాయపడినవారి గురించి "పలువురికి తీవ్ర గాయాలు" అని ఒక్క వాక్యము వ్రాసి ఊరుకుంటారు. ఈ దినము ఆ ఒక్క వాక్యము వెనుకనున్న ఇండ్ల గురించి మాట్లాడుకొందాము.

మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువుగల మనుష్యుని సంగతి మీకు తెలిసినదే. నలుగురు అతనిని మోసుకొని వచ్చారు. గుంపును బట్టి లోపలికి పోలేక, ఇంటికప్పు విప్పి, పరుపుతో సహా అతనిని క్రిందికి దింపారు. ఆ నలుగురి పేర్లు అక్కడ వ్రాయబడలేదు. వారు అన్నదమ్ములో, బావమరదులో, పొరుగువారో మనకు తెలియదు. ఒక్కటి మాత్రము తెలుసు. వారు నలుగురు. ఒక్కడే అయితే ఆ ఇంటి గుమ్మము వరకు కూడా తేలేకపోయేవాడు. మరి మన ఇండ్లలో ఏమి జరుగుచున్నది? నలుగురు మోయవలసిన మంచమును ఒక్క భార్య మీదనో, ఒక్క తల్లి మీదనో పెట్టి, మిగిలినవారము "ఎట్లా ఉన్నాడు?" అని ఫోనులో అడుగుతున్నాము. అవునా, కాదా?

నాలుగు కోళ్లు ఉంటేనే మంచము నిలుస్తుంది. దెబ్బతిన్న మనిషి కోలుకోవడానికి కూడా నాలుగు కోళ్లు కావాలి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాము.

దానికి ముందు రోడ్డు మీది మాట ఒకటి. ప్రమాదము జరిగినప్పుడు మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందని అనుమానముంటే, చేతులు ఒకరు, కాళ్లు ఒకరు పట్టుకొని, మడిచి ఆటోలో వేయకండి. సగము విరిగినది ఆ ఎత్తడములో పూర్తిగా దెబ్బతినవచ్చును. 108 కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15 న హైదరాబాదులో మొదలైన ఆ సేవను నడిపే సంస్థ కార్యాలయము ఇదే మేడ్చల్ దారిలో, దేవరయాంజాల్‌లోనే ఉన్నది. "సహాయము చేస్తే పోలీసు కేసు మన మెడకు చుట్టుకుంటుంది" అని భయపడేవారున్నారు. 2019 లో మోటారు వాహనాల చట్టమును సవరించి, మంచి మనసుతో సహాయము చేసినవారిపై కేసు ఉండదని వ్రాశారు. ఆ చట్టములో అలాంటివారికి మన మంచి సమరయుని పేరే పెట్టారు. ప్రమాదము జరిగిన నాటినుండి ఏడు దినముల వరకు, లక్షన్నర రూపాయల దాకా, నగదు కట్టకుండా చికిత్స పొందే పథకమును 2025 లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించింది. ఆసుపత్రిలో ఆ సంగతి అడగండి.

ఇక మొదటి కోడు. శరీరమును కాపాడుట.

వెన్నుపాము దెబ్బతిన్నవారికి నడుము క్రింద స్పర్శ ఉండకపోవచ్చును. మనము నిద్రలో కూడా నొప్పి పుట్టగానే ప్రక్కకు తిరుగుతాము. వారికి నొప్పి తెలియదు గనుక తిరగరు. నడుము క్రింది ఎముక, పిరుదులు, తుంటి, మడమలు పరుపుకు ఒత్తుకొని అక్కడ రక్తము ఆడదు. చర్మము ఎర్రబడుతుంది, ఆ తరువాత నల్లబడి పుండు పడుతుంది. అది లోపల ఎముక దాకా పోగలదు. ఆపరేషన్ బాగా జరిగి, ఇంటికి వచ్చిన తరువాత ఈ పుండుతోనే ప్రాణము పోగొట్టుకొన్నవారున్నారు. అందుచేత పడుకొన్న మనిషిని రెండు గంటలకు ఒకసారి ప్రక్కకు తిప్పాలి. రాత్రి కూడా తిప్పాలి. చక్రాల కుర్చీలో కూర్చున్నవారు పావుగంటకో అరగంటకో ఒకసారి చేతులు ఆనించి నడుము పైకి లేపాలి. ఉదయము ఒకసారి, రాత్రి ఒకసారి ఒళ్లంతా చూడాలి. ఎర్రబడినచోట వ్రేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే, అది తగ్గేవరకు ఆ ప్రక్కకు పడుకోబెట్టకూడదు. గాలి పరుపు మంచిదే. అయితే గాలి పరుపు కొన్నాము గదా అని తిప్పడము మానకూడదు.

మన పెద్దవారు ప్రేమతో చేసే ఒక పొరపాటు ఉన్నది. "కాళ్లు చల్లగా ఉన్నాయి బిడ్డా" అని ఇటుక కాచి గుడ్డలో చుట్టి కాపడము పెడతారు, వేడినీళ్ల సీసా ఆనిస్తారు. స్పర్శ లేని కాలికి కాలుచున్నదని తెలియదు. తెల్లవారేసరికి బొబ్బలు. అమ్మలారా, దయచేసి కాపడము పెట్టకండి. దుప్పటి కప్పితే చాలును. విరిగిన వెన్నుకు నూనె మర్దనలు, పసరు కట్లు కూడా వద్దు. దానికి బదులుగా ఆసుపత్రిలో నేర్పిన విధముగా కాళ్లూ చేతులూ దినమూ మెల్లగా వంచుతూ చాపుతూ ఉండండి. లేకపోతే కీళ్లు బిగుసుకొనిపోతాయి. తరువాత కండరములలో బలము వచ్చినా కీలు వంగదు.

మూత్రపు గొట్టము ఉంటే దాని సంచి ఎప్పుడూ నడుముకన్నా క్రిందనే ఉండాలి. గొట్టము మెలిపడకుండా చూడాలి. మెడకు గానీ రొమ్ము పైభాగమునకు గానీ దెబ్బ తగిలినవారికి హఠాత్తుగా తల పగిలిపోయేంత నొప్పి వచ్చి, ముఖము ఎర్రబడి, చెమటలు పడితే అది మామూలు తలనొప్పి కాదు. రక్తపోటు ఒక్కసారిగా పెరుగుచున్నదన్నమాట. వెంటనే లేపి కూర్చుండబెట్టండి, బిగువుగా ఉన్న బట్టలు వదులు చేయండి, గొట్టము మూసుకొనిపోయిందేమో చూడండి. తగ్గకపోతే ఒక్క నిమిషము కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.

రెండవ కోడు. మనస్సును నిలబెట్టుట.

మన హైదరాబాదులోనే అందరూ చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. 2021 సెప్టెంబరు 10 న సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దగ్గర మోటారు సైకిలు మీదనుండి జారిపడి స్పృహ కోల్పోయారు. తలమీద హెల్మెట్ ఉన్నది, ప్రాణము నిలిచింది. అక్టోబరు 15 న, సరిగ్గా తన పుట్టినరోజున, ఆసుపత్రి నుండి ఇంటికి చేరారు. "ఇక బాగైపోయాడు" అని లోకము మరచిపోయింది. అయితే ఆ తరువాత తనకు మాట తడబడేదనీ, మాటలు మరల నేర్చుకోవలసి వచ్చిందనీ ఆయనే చెప్పారు. ప్రమాదము తరువాత చేసిన సినిమా వెలుపలికి వచ్చేసరికి 2023 ఏప్రిల్ అయ్యింది. అంటే ఆసుపత్రిలో ఉన్నది అయిదు వారములు, ఆ తరువాతిది ఏడాదిన్నర ప్రయాణము. మాటలే జీవనోపాధిగా ఉన్న మనిషి మాట కోసము తడుముకోవడము ఎంత కష్టమో ఆలోచించండి. 2024 లో ఆయన తన తల్లి పేరైన దుర్గను తన పేరులో చేర్చుకొన్నారు.

తలకు దెబ్బ తగిలినవారి కష్టము బయటికి కనబడదు. కుట్లు మానిపోతాయి, జుట్టు పెరుగుతుంది, చూసేవారికి మామూలు మనిషే. కానీ ఇప్పుడు చెప్పినది ఇప్పుడే మరచిపోతాడు. ఊరకే కోపము తెచ్చుకొంటాడు. ఒక గంట మాట్లాడితే పూటంతా అలసిపోతాడు. ఇంటివారు "కావాలని చేస్తున్నాడు" అనుకొంటారు. కావాలని కాదు. అది దెబ్బలో భాగము. గోడమీద పెద్ద అక్షరములతో తేదీ, వారము, ఆ దినము చేయవలసిన పనులు వ్రాసిపెట్టండి. ఒకేసారి ఒక్క మాట చెప్పండి. జవాబు కోసము ఆగండి, మీరే నోరు అందుకొని వాక్యము పూర్తిచేయకండి. టీవీ కట్టివేసి మాట్లాడండి. మొదటి ఆరు నెలలలో మార్పు త్వరగా కనబడుతుంది, ఆ తరువాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. మూర్ఛ రాకుండా ఇచ్చిన మాత్రలను డాక్టరు చెప్పకుండా ఒక్క దినము కూడా ఆపవద్దు. ప్రార్థన చేయండి, మాత్రలూ వేయండి. ఈ రెండింటికీ తగవు లేదు.

ఇక్కడ పరామర్శకు వెళ్లే మనకు కూడా ఒక మాట. పదిమందిమి మంచము చుట్టూ కూర్చుంటాము. ఒకరు "మా మేనమామకు కూడా ఇట్లే అయ్యింది, ఆరు నెలలే బ్రతికాడు" అంటారు. ఇంకొకరు "ఏ పాపము చేశారో" అంటారు. ఈ ప్రశ్ననే శిష్యులు ఒక గ్రుడ్డివాని విషయములో అడిగినప్పుడు, వాడు గానీ వాని తల్లిదండ్రులు గానీ పాపము చేసినందున కాదని వారికి జవాబు వచ్చింది. ఆ జవాబు వచ్చి రెండువేల సంవత్సరములు కావస్తున్నా మనము ఇంకా ఆ ప్రశ్న అడగడము మానలేదు. పదిమంది వెళ్లి గంట కూర్చొని, ఆ ఇంటి ఇల్లాలు కాచిన టీ త్రాగి రావడముకన్నా, ఒక్కరు వెళ్లి "అక్కా, రెండు గంటలు నేను చూసుకుంట, నువ్వు పండుకో" అనడము గొప్ప పరామర్శ.

మూడవ కోడు. చేయవలసిన పని ఇచ్చుట.

ప్రేమ ఎక్కువై మనము చేసే తప్పు ఇది. గ్లాసు అందించడము నుండి నిర్ణయము తీసుకోవడము వరకు అన్నీ మనమే చేసేస్తాము. మనిషి ఎదుటనే ఉండగా డాక్టరు "నొప్పి ఎట్లా ఉంది?" అంటే భార్య జవాబు చెబుతుంది. మెల్లగా ఆ మనిషి ఇంట్లో ఒక సామానైపోతాడు.

వేలూరు ఆసుపత్రికి మన తెలుగువారు రైలెక్కి వెళ్లడము కొత్త కాదు. ఆ వేలూరులోనే మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేది. కేరళలో పుట్టింది. 1954 జనవరి 30 న తోటి డాక్టర్లతో కలిసి వెళ్లుచుండగా వాహనము బోల్తాపడి, వెన్నుపాము దెబ్బతిని, రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. అప్పటికి ఆమెకు ముప్పై సంవత్సరములు కూడా నిండలేదు. మన దేశములో చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి తోవ చూపే ఏర్పాట్లు ఆ దినములలో లేవనే చెప్పాలి. డాక్టరు పాల్ బ్రాండ్ అక్కడ కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను ఆపరేషన్లతో సరిచేసేవారు. ఆయన ఆమెతో జాలి మాటలు మాట్లాడలేదు. కూర్చొని కూడా చేతులకు ఆపరేషన్ చేయవచ్చునని ప్రోత్సహించారు. నిలబడలేని డాక్టరు, పట్టు లేని చేతులకు పట్టు తెప్పించసాగింది. తరువాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కొంతకాలము చికిత్స పొంది, న్యూయార్కుకు వెళ్లి పునరావాస వైద్యము చదువుకొని తిరిగి వచ్చింది. 1966 లో వేలూరు దగ్గర బాగాయములో పునరావాస కేంద్రము తెరవబడింది. వెన్ను విరిగినవారు అక్కడే ఉండి, మరల బ్రతకడము నేర్చుకొనే చోటు అది. 1972 లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. 1986 లో ఆమె కన్నుమూసింది. గమనించండి, ఆమె మరల నడవలేదు. నడవకుండానే ఇదంతా చేసింది.

కాబట్టి మంచము మీద ఉన్నవారికి పని ఇవ్వండి. కూరగాయలు తరగడము, ఇంటి ఖర్చుల లెక్క వ్రాయడము, పిల్లల చేత పాఠము చదివించడము, ఏదైనా కావచ్చును. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషములు పడితే పది నిమిషములు కూర్చొని చూడండి, మీరు పెట్టేయకండి. "ఈ నెల ఫీజు కట్టేద్దామా?" అని అతనినే అడగండి. అతడు మంచము మీద ఉన్నాడు గానీ ఇంటికి పెద్దగా ఉండడము మానలేదు. తలుపు దగ్గర గడప తీసి చిన్న వాలు కట్టిస్తే, స్నానాల గదిలో గోడకు ఒక కడ్డీ పెట్టిస్తే, ఒకరి సాయము లేకుండా అతడు చేసుకోగల పనులు రెండు పెరుగుతాయి.

నాలుగవ కోడు. మోసేవారిని మోయుట.

శ్రోతలారా, అన్నిటికన్నా ముందు విరిగేది ఈ కోడే. రెండు గంటలకు ఒకసారి తిప్పాలని ఇందాక చెప్పాను గదా. రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు లెక్క వేయండి. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి, ఆరింటికి. అయిదుసార్లు లేవాలి. ఒక్క మనిషి ఎన్నాళ్లు లేవగలదు? నెల రోజులు లేస్తుంది. మూడు నెలలకు ఆమె నడుము పట్టేస్తుంది, ఆమె తిండి మానేస్తుంది, చిన్న మాటకే ఏడుస్తుంది. అప్పుడు అత్తగారు "మొగుణ్ణి చూసుకొనే ఓపిక లేదు" అంటుంది. ఓపిక లేక కాదమ్మా, నిద్ర లేక.

అందుచేత మొదటి వారములోనే ఇంటివారందరూ కూర్చొని పనులు పంచుకోండి. రాత్రి పన్నెండింటికి, రెండింటికి తిప్పడము తమ్ముడిది. "వదినె, రాత్రి నేను లేస్త, నువ్వు పొద్దున చూసుకో" అని ఆ తమ్ముడు ఒక్క మాట అంటే ఆ ఇల్లు నిలబడుతుంది. ఎత్తలేని పెద్దాయన ఉంటారు. మందుల లెక్క, ఆసుపత్రి చీటీలు ఒక సంచిలో భద్రము చేయడము ఆయనది. దూరములో ఉద్యోగము చేసే చెల్లెలు ఉంటుంది. నెలనెలా ఫిజియోథెరపీ ఖర్చు ఆమెది. బయటి పనులు తెలిసిన బావగారు ఉంటారు. కార్యాలయాల చుట్టూ తిరగడము ఆయనది. మంచము మీదనుండి కుర్చీలోకి దించే పద్ధతిని ఆసుపత్రి వదిలే ముందే ఇద్దరైనా నేర్చుకొని రండి. మోకాళ్లు వంచి ఎత్తాలి, నడుము వంచి ఎత్తకూడదు. ఒక్క వెన్ను విరిగిన ఇంట్లో రెండవ వెన్ను విరగకూడదు గదా.

ఆ బావగారి కోసము కొన్ని సంగతులు. ఆరోగ్యశ్రీ 2007 లో మొదలైన పథకము. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. వైకల్యము నలభై శాతము గానీ అంతకు మించి గానీ ఉంటే ధ్రువపత్రము, యూడీఐడీ కార్డు తీసుకోవాలి. దివ్యాంగుల పింఛనును తెలంగాణలో 2023 లో 4,016 రూపాయలు చేశారు. రోడ్డు ప్రమాదమైతే నష్టపరిహారపు దరఖాస్తును ఆరు నెలలలోపు వేయాలని 2022 ఏప్రిల్ నుండి చట్టములో ఉన్నది. "మనిషి లేవనీ, తరువాత చూద్దాము" అనుకోకండి. మనిషి మెల్లగా లేస్తాడు, గడువు మాత్రము ఆగదు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, ఆసుపత్రి బిల్లులు మొదటి దినమునుండే దాచండి.

చూసుకొనే ఇల్లాలికి వారములో ఒక పూట సెలవు ఇవ్వండి. గుడికో, చర్చికో, పుట్టింటికో, కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో చెట్ల క్రిందకో వెళ్లి రానివ్వండి. ఆమె నవ్వితే తప్పుపట్టకండి. ఆమె అలసటను ఆమె నోటితో చెప్పుకోనివ్వండి. "నాకు చేతకావడము లేదు" అని ఆమె అన్నప్పుడు అది ప్రేమ తగ్గిన మాట కాదు, సహాయము అడిగే మాట.

ప్రియ శ్రోతలారా, మార్కు సువార్తలోని ఆ మనుష్యుడు చివరకు ఏమి చేశాడు? ఇతరులు మోసుకొని వచ్చిన తన పరుపును తానే ఎత్తుకొని ఇంటికి వెళ్లాడు. మన ఇండ్లలో అందరూ అలా లేచి నడుస్తారని నేను మీకు మాట ఇవ్వలేను. ఇస్తే అది అబద్ధమవుతుంది. కొందరు నడుస్తారు, కొందరు కర్రతో నడుస్తారు, కొందరు కుర్చీలోనే ఉంటారు. కానీ కుర్చీలో ఉండే మేరీ వర్గీస్ ఎన్ని మంచములు మోసిందో విన్నాము. మోయబడినవారు ఒక దినమున మరొకరిని మోయగలరు. అంతవరకు వారి చర్మము చెడకుండా, మనస్సు కుంగకుండా, చేతులు ఖాళీగా ఉండకుండా, వారిని మోసేవారు కూలిపోకుండా చూసుకోవడమే మన పని.

ఈ కార్యక్రమము ముగిసిన తరువాత మీ వీధిలో మంచాన పడ్డవారి ఇల్లు ఏదైనా ఉన్నదేమో ఒకసారి తలచుకోండి. ఆ మంచమునకు ఇప్పుడు ఎన్ని కోళ్లు ఉన్నాయో చూడండి. తక్కువైతే, ఆ తక్కువైన కోడు మీరే కావచ్చును.